పద్దెనిమిదో కాగితం

"ఇంకోసారి అడుగుతున్నాను. ఆ నోట్‌బుక్ ఎక్కడ పెట్టారు?"

"ఇంకోసారి చెప్తున్నాను. నేను ముట్టుకోలేదు."

వంటగది గుమ్మానికి అటు కోడలు, ఇటు కొడుకు. కోడలు సగం జడ అల్లుకుని మిగతా సగం వదిలేసింది. కొడుకు ఒక కాలికి మేజోడు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గోడ మీద తొమ్మిదిన్నర. పాప భత్యం అర్జీ విచారించడానికి పదకొండింటికి ఆఫీసు నుంచి ఒకావిడ వస్తుంది.

నానమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కొడుకు చొక్కాకు గుండీ కుడుతోంది. గట్టిగా ఉన్న గుండీనే కోసి మళ్ళీ కుడుతోందని ఎవరూ గమనించలేదు.

"నిన్న సాయంత్రం ఫ్రిజ్ మీద పెట్టాను. ముప్ఫై రోజులూ పూర్తయ్యాయని మీకు చూపించాను కూడా. మీరేమన్నారు?"

"ఏమన్నాను?"

"కన్నకూతురి మీద చార్జిషీటు రాసినట్టుంది అన్నారు."

"అన్నాను. అంటే దొంగతనం చేసినట్టేనా?"

"మరి దానికి కాళ్ళొచ్చి నడిచెళ్ళిపోయిందా? ఇంట్లో ఉన్నది నలుగురం. పాప అందుకోలేదు. అత్తయ్యకు ఆ గోల పట్టదు. ఇక మిగిలింది ఎవరండీ?"

కొడుకు మేజోడు నేలకేసి కొట్టాడు. "అర్జీ మీద సంతకం పెట్టానా లేదా?"

"వారం రోజులు తిప్పి తిప్పి పెట్టారు. దానికి కాలు లేదా, కన్ను లేదా, వికలాంగురాలని నా చేత్తో ఎలా రాయను అని ఈ గుమ్మంలోనే నిలబడి అన్నారు. మర్చిపోయారా?"

అతను మర్చిపోలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ మీట నొక్కితే ఏ తలుపు తెరుచుకుంటుందో తెలిసినవాడు. కూతురి విషయంలో ఆ మీట దొరక్క రెండేళ్ళుగా దొరికినవాళ్ళ మీదల్లా విసుక్కుంటున్నాడు.

బల్ల కింద పాప వరస పేరుస్తోంది. తెల్ల గుండీ, నల్ల గుండీ, తెల్ల గుండీ, నల్ల గుండీ. నానమ్మ ముప్ఫై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టి, గుండీలు వేసి, వస్తూ వస్తూ ఒక డబ్బాడు గుండీలు తెచ్చుకుంది. పాపకు వేరే బొమ్మ అక్కర్లేదు. అందుకే ఇంట్లో అందరూ దాన్ని గుండీ అనే పిలుస్తారు.

వరసలో నల్లది తక్కువైంది. గుండీ లేచి వచ్చి నానమ్మ స్వెటర్ ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. అడగదు. ముఖం వైపు చూడదు. కావలసింది ఆ జేబులో ఉంటుందని దానికి తెలుసు, అంతే. నల్ల గుండీ తీసుకుని వెళ్ళిపోయింది.

నానమ్మ సూది ఆపి, జేబును పైనుంచి తడిమి చూసుకుంది. నోట్‌బుక్ జేబులో లేదు. ఆమె దిండు గలీబులో ఉంది.

"ఇదీ పోతే ఏమవుతుందో తెలుసు కదా మీకు?" కోడలి గొంతు తగ్గింది. తగ్గినప్పుడే కోడలితో భయం. "మొదటి అర్జీని ఆధారాల్లేవని తిప్పికొట్టారు. ఇది అప్పీలు. ఆధారంగా ముప్ఫై రోజులూ రాసి చూపించమన్నారు. ఇదీ పోతే మళ్ళీ ఏడాది దాకా పెట్టుకోనివ్వరు. భత్యం కాగితం లేకపోతే మాటలు నేర్పే కేంద్రంలో చేర్చుకోరు. ఆరేళ్ళు దాటినా చేర్చుకోరు. దానికి ఇప్పుడు ఐదేళ్ళ నాలుగు నెలలు. లెక్క మీరే వేసుకోండి."

అతను లెక్క వేసుకోలేదు. నేల మీది మేజోడు తీసుకుని దులిపాడు.

"నీకు నా మీద నమ్మకం లేదు."

"నోట్‌బుక్ ఇవ్వండి. నమ్ముతాను."

బల్ల కింద గుండీలు నేలకు తగిలే చప్పుడొక్కటే. టిక్. టిక్. టిక్.

*

నానమ్మ బడికి వెళ్ళలేదు. ఫ్యాక్టరీలో అట్టపెట్టెల మీది అక్షరాలు చూసి చూసి, కూడబలుక్కుని, నలభయ్యో ఏట చదవడం నేర్చుకుంది. నేర్చుకున్నాక ఇక కాగితం కనిపిస్తే వదల్లేదు. పొట్లం కట్టిన పేపరైనా విప్పి చదివాకే పారేసేది.

అలాగే ఆ నోట్‌బుక్కూ చదివింది. కోడలు డ్యూటీకి వెళ్ళినప్పుడు, రోజూ కాస్త.

కోడలు ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. నంబరు, తేదీ, టైము, సంతకం లేని సీసా ఎవరిదీ కాదంటుంది. నోట్‌బుక్కూ అలాగే రాసింది. రోజుకో కాగితం, ఒక వైపే. పై మూల ఎర్ర ఇంకుతో నంబరు, నంబరు చుట్టూ సున్నా. కింద సంతకం.

మూడో కాగితం: చొక్కా లోపలి చీటీ గుచ్చుకుందని ఇరవై నిమిషాలు అరిచింది. తొమ్మిదో కాగితం: అన్నం తెల్ల పళ్ళెంలో పెట్టలేదని పొద్దంతా తినలేదు. పధ్నాలుగు: రోడ్డు మీద చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది, బస్సు ఆగింది కాబట్టి సరిపోయింది.

అన్నీ నిజాలే. నానమ్మ కళ్ళారా చూసినవే. కానీ పద్దెనిమిదో కాగితం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"రెండు గంటలు ఆపకుండా ఏడ్చింది. నా చెయ్యి కొరికింది. ఇక నావల్ల కాదు. ఎవరైనా వచ్చి దీన్ని తీసుకెళ్ళి చూసుకుంటే బాగుండు అనిపించింది."

కింద సంతకం.

నానమ్మ ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఆఫీసుకు వెళ్ళే పుస్తకంలో తల్లి సంతకం పెట్టి మరీ రాసిన మాట. తీసుకెళ్ళడానికి వాళ్ళకు ఇంకేం కావాలి?

నాలుగు రోజుల క్రితం కోడలు ఫోన్‌లో ఎవరితోనో అంటుండగా విన్నది కూడా: "అయితే పొద్దంతా అక్కడే ఉంచుకుంటారా? ఎప్పట్నుంచి తీసుకుంటారు?" అత్తగారు రావడం చూసి మాట మార్చేసింది. ఎందుకు మార్చినట్టు?

నానమ్మకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకావిడ ఫైలు పట్టుకుని వాళ్ళింటికి వచ్చింది. చెల్లెలికి ఆరేళ్ళు. మాటల్లేవు. రోజంతా తలుపు గొళ్ళెం కదుపుతూ కూర్చునేది. ఆవిడ చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడింది. అమ్మ వేలిముద్ర వేసింది. మంచి చోటు, నెల నెలా వచ్చి చూడొచ్చు అన్నారు. తెల్ల వ్యాను కిటికీ ఊచను చెల్లెలు గొళ్ళెంలాగే కదుపుతూ వెళ్ళింది. మొదటి నెల చూడ్డానికి వెళ్తే వేరే చోటికి మార్చామన్నారు. ఆ వేరే చోటు ఎక్కడో చెప్పినవాళ్ళు లేరు.

అరవై ఏళ్ళు దాటాయి. ఇప్పటికీ ఎక్కడైనా గొళ్ళెం కదిలితే నానమ్మ తల తిప్పి చూస్తుంది.

*

పదకొండుకు ఐదు నిమిషాల ముందే భత్యం ఆఫీసు ఆవిడ వచ్చింది. చేతిలో ఫైలు. నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడింది.

నానమ్మ కుట్టు పక్కన పెట్టింది.

"కంగారేం లేదమ్మా. మామూలుగా మీరెలా ఉంటారో అలాగే ఉండండి," అంది ఆవిడ. అంటూనే గది నాలుగు మూలలూ చూసింది. మంచాలు చూసింది. కిటికీ ఊచలు చూసింది. తలుపు గొళ్ళెం బాగా పైకి బిగించి ఉండడం చూసింది. ఏదో రాసుకుంది.

ఏం రాసిందో!

"పాపా, ఇలా వస్తావా?"

నానమ్మ గొంతు సవరించుకుంది. మూడు రోజులుగా ఇద్దరూ చాటుగా సాధన చేశారు. గొంతు సవరిస్తే లేచి రావాలి. చేతులు కట్టుకోవాలి. నమస్తే అనాలి. తప్పు లేకుండా చేస్తే రెండు గుండీలు. ఇంటికొచ్చిన పరాయిదాని ముందు పిల్ల పిల్లలా కనబడితే, తీసుకెళ్ళాలన్న ఆలోచనే రాదు కదా అని ఆమె లెక్క.

గుండీ బల్ల కింది నుంచి వచ్చింది. చేతులు కట్టుకుంది. "నమస్తే," అంది, గోడను చూస్తూ.

కోడలు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"చక్కగా చెప్పావే!" ఆవిడ నవ్వి రాసుకుంది. "బట్టలు తనే వేసుకుంటుందా?"

"లేదండీ, నేనే..." అని కోడలు మొదలుపెట్టింది.

"ఎందుకు వేసుకోదు?" నానమ్మ అందుకుంది. "గుండీలతో సహా పెట్టుకుంటుంది. దానంత చక్కగా గుండీలు పెట్టేవాళ్ళు మా ఫ్యాక్టరీలో కూడా లేరు."

"అత్తయ్యా."

"ఉన్నమాటే కదా."

"అన్నం?"

"శుభ్రంగా తింటుంది," అంది నానమ్మ.

"అత్తయ్యా, మీరు కాస్త..."

"మా గుండీకి ఏం తక్కువమ్మా? వాళ్ళమ్మకు కంగారెక్కువ, అంతే. చీమ కుడితే స్కానింగ్ తీయించాలంటుంది."

ఆవిడకు నవ్వొచ్చింది. కొడుక్కి నవ్వు రాలేదు. తల్లి వైపు ఒక రకంగా చూశాడు. నాలుగు రోజుల క్రితం దాకా "పిల్ల నన్ను రక్కేసిందిరా" అని చెయ్యి చూపించిన మనిషి ఇవాళ ఇదేం పాట పాడుతోందని ఆ చూపు.

"ముప్ఫై రోజుల పుస్తకం ఇస్తారా?" అంది ఆవిడ.

కోడలు ఫ్రిజ్ మీద మళ్ళీ ఒకసారి చేత్తో తడిమింది.

"పొద్దున్నుంచీ వెతుకుతున్నామండీ," అంది కోడలు. "నిన్న సాయంత్రం దాకా ఉంది."

"నిన్నటి దాకా ఉందా?"

"నిజమండీ. నేను అన్నీ రాశాను. రోజుకో కాగితం, టైముతో సహా."

ఆవిడ పెన్ను మూత పెట్టి మళ్ళీ తీసింది. "చూడండమ్మా, మేం వచ్చే రోజే పుస్తకాలు పోవడం నాకు కొత్త కాదు. కుక్క చింపిందంటారు, వానలో తడిసిందంటారు. కొందరు అసలు రాయనే రాయరు. మీరు అలాంటివారని అనడం లేదు. కానీ పాప నమస్తే చెప్పింది, బట్టలు వేసుకుంటుందని మీ అత్తగారే చెప్పారు. నేను చూసిందీ విన్నదీ రాయాలి. ఆధారం చూపలేదు అని కూడా రాయాలి."

కోడలు భర్త వైపు తిరిగింది. పరాయి మనిషి ఎదురుగా ఉందన్న సంగతి కూడా మర్చిపోయింది.

"ఇచ్చేయండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. తర్వాత నన్ను ఏమన్నా అనండి. ఇప్పుడు ఇచ్చేయండి."

"నా దగ్గర లేదని ఎలా చెప్తే నమ్ముతావు?" అన్నాడతను.

కోడలు ఏడవలేదు. కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో పట్టుకుని నొక్కుకుంటూ నిలబడింది. ఆ వేళ్ళ కణుపుల మీద పాత కమిలిన మచ్చలు. వాటిని నానమ్మ రోజూ చూస్తుంది. ఇవాళ చూడలేకపోయింది.

తీసుకెళ్ళాలని కోరుకునే తల్లి ఇంతగా బతిమాలుతుందా? లేక త్వరగా తీసుకెళ్ళాలనే బతిమాలుతోందా? ఏది నమ్మాలి?

నానమ్మ లేచి లోపలి గదిలోకి వెళ్ళింది.

*

గలీబులోంచి నోట్‌బుక్ తీసింది. పుస్తకం ఇస్తుంది. ఆ ఒక్క కాగితం ఇవ్వదు. ఇరవై తొమ్మిది చాలవా ఏం?

తొందరలో ఆ కాగితం పై మూల పట్టుకుని లాగితే మూలే ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని జేబులో వేసుకుంది. మిగతాది కుట్టు దగ్గర నెమ్మదిగా చింపి, నాలుగు మడతలు పెట్టి, స్వెటర్ చేతిలోకి దోపుకుంది.

"దొరికింది," అంటూ బయటికొచ్చింది. "మంచం కింద పడి ఉంది."

"ఏ మంచం?" కోడలు వెంటనే అడిగింది.

నానమ్మ ఆ ప్రశ్న అనుకోలేదు. నోటికి వచ్చింది అనేసింది. "వాడి మంచమే. పనిముట్ల పెట్టె వెనక."

అన్నాక గానీ ఏమందో తెలియలేదు.

కోడలు భర్తను చూసింది. కొడుకు తల్లిని చూశాడు. పనిముట్ల పెట్టె అతను పొద్దున ఆరింటికే వాచ్‌మన్ గదిలో దించి వచ్చాడు. ఆ సంగతి అతను చెప్పలేదు.

ఆవిడ పుస్తకం బల్ల మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. ఎర్ర సున్నాల్లో నంబర్లు. గుండీ మెడ చాచింది. నంబర్లంటే దానికి ప్రాణం. మెల్లగా వచ్చి ఆవిడ మోచేతి పక్క నిలబడి, కాగితం తిరిగినప్పుడల్లా పైకే చదవసాగింది.

"పదకొండు. పన్నెండు. పదమూడు."

"నంబర్లు కూడా వచ్చే!" అంది ఆవిడ.

"పదహారు. పదిహేడు."

కాగితం తిరిగింది. పంతొమ్మిది.

గుండీ ఆగింది. వేలితో కాగితం వెనక్కి తిప్పింది. "పదిహేడు." ముందుకు తిప్పింది. వెనక్కి. "పదిహేడు. పదిహేడు. పదిహేడు."

"గుండీ, వద్దు తల్లీ, ఇలా రా..." అన్నాడు కొడుకు. అప్పటికే ఆలస్యమైంది.

అరుపు గొంతులోంచి వచ్చినట్టు లేదు, ఒళ్ళంతటిలోంచి వచ్చింది. తల వెనక్కి వాల్చి ఒక్క విసురున బల్ల అంచుకేసి కొట్టుకోబోయింది.

కొట్టుకునేలోపే కోడలి చెయ్యి అక్కడ ఉంది. నుదురు వచ్చి వేళ్ళ కణుపుల మీద తగిలింది. ఇంకోసారి. ఇంకోసారి. ఆమె చెయ్యి తియ్యలేదు. కొడుకు చెప్పకుండానే లైటు ఆర్పాడు, కిటికీ మూశాడు, కుర్చీ పక్కకు లాగాడు, నేల మీద దుప్పటి పరిచాడు. పొద్దున్నుంచీ కత్తులు నూరుకున్న ఆ ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా, ఒకరికొకరు అడ్డు రాకుండా, ఆ చిన్న గదిలో తిరిగారు.

ఆవిడ లేచి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె చూపు కోడలి చేతి మీదే ఉంది. రాయడం లేదు.

"పదిహేడు! పదిహేడు!"

నానమ్మ స్వెటర్ చేతిలో కాగితం గరగరలాడింది.

ఊరుకుంటే సరిపోతుంది. ఆవిడ కళ్ళతో చూస్తోంది. ఇక పుస్తకం కూడా అక్కర్లేదు, భత్యం వస్తుంది. ఆ వాక్యం ఎవరి కంటా పడదు. ఇంకో పావుగంట ఈ పిల్ల ఇలా కొట్టుకుంటే చాలు.

పావుగంట.

నానమ్మ వంగింది. కింద పడిన గుండీలు ఏరుతున్నట్టు చెయ్యి నేలకు ఆనించింది. చెయ్యి తీసేసరికి బల్ల కాలు పక్కన నాలుగు మడతల కాగితం ఉంది.

"అదేంటది? అక్కడేదో కాగితం..." అంది, తనకేమీ తెలియనట్టు.

కొడుకు తీసి మడత విప్పాడు. గుండీ లాక్కుంది. ఏడుస్తూనే పదిహేడుకీ పంతొమ్మిదికీ మధ్య పెట్టి, రెండు అరచేతులతో సాపు చేసింది. అరుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు బరువైన ఊపిరి అయ్యాయి.



ఆవిడ నెమ్మదిగా వచ్చి, పాప భుజం మీదుగా, ఆ కాగితం చదివింది. పై నుంచి కింది దాకా. ఆఖరి వాక్యం దగ్గర చూపు ఆగడం నానమ్మకు తెలిసింది. ఎన్నిసార్లు తన వేలు ఆగిన చోటో అది.

"ఇది రాసింది మీరేనా?"

"నేనేనండీ," అంది కోడలు. చెయ్యి చల్లటి గ్లాసుకు ఆనించుకుని ఉంది. "ఆ రోజు అలాగే అనిపించింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కదా, రాశాను."

"రాసినందుకు తప్పు పట్టడం లేదు. కానీ ఇంత వరసగా రాసిన పుస్తకంలో ఇదొక్కటే ఎవరో చింపారు. ఈ వాక్యం ఉన్నదే చింపారు." ఆవిడ ఫైలు తెరిచింది. "ఇంట్లో ఎవరో నా నుంచి ఏదో దాస్తున్నారు. ఎవరు, ఎందుకు అన్నది తెలియకుండా నేను ఈ పుస్తకాన్ని ఆధారంగా తీసుకోలేను. పాప ఈ ఇంట్లో క్షేమంగా ఉందా లేదా అని కూడా రాయాల్సి వస్తుంది. చెప్పండి, ఎవరు చింపారు?"

నానమ్మ వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. క్షేమంగా ఉందా లేదా. ఆ తర్వాత వచ్చేది వ్యానే కదా?

కొడుకు తల్లి వైపు చూశాడు. క్షణమే. తర్వాత తల వంచుకున్నాడు.

"నేనే చింపాను," అన్నాడు.

"పొద్దున్నుంచీ నేను అడిగింది ఇదే కదండీ," అంది కోడలు. గొంతులో కోపం కూడా లేదు.

పెన్ను కదలడం మొదలైంది.

దుప్పటి మీద కూర్చున్న గుండీ కాగితం వైపు తల వంచి చూసింది. పై మూల లేదు. సున్నా లేదు. ఆ ఖాళీని వేలితో ఒకసారి తడిమి, లేచింది. అమ్మను దాటింది. నాన్నను దాటింది. ఎవరి ముఖమూ చూడకుండా నానమ్మ కుర్చీ దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే ఎడమ జేబులో చెయ్యి పెట్టింది.

నానమ్మ జేబును పైనుంచి అదిమి పట్టుకుంది. లోపల చిన్న చెయ్యి మెలి తిరిగింది. గుండీలు గలగలమన్నాయి.

చెయ్యి బయటికొచ్చింది. వేళ్ళ మధ్య గోరంత కాగితం ముక్క. దాని మీద ఎర్ర సున్నా.

"పద్దెనిమిది," అంది గుండీ.

పెన్ను ఆగింది.